అక్షరాల సరిహద్దు

ఆదోని బస్టాండులో కాసేపు నిలబడితే ఒకవైపు ఎమ్మిగనూరు, మంత్రాలయం వెళ్ళే బస్సులు, మరొకవైపు సిరుగుప్ప, బళ్ళారి వెళ్ళే బస్సులు కనిపిస్తాయి. కర్ణాటక బస్సుల మీద ఊళ్ళ పేర్లు కన్నడంలో ఉంటాయి. అయినా మా ప్రాంతపు ప్రయాణికుడు తడబడడు. కన్నడ బడి గడప తొక్కనివాడు సైతం ఆ అక్షరాలను కూడబలుక్కొని బస్సు ఎక్కుతాడు. ఈ రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు. ప్రాచీన శాసనాల లిపిని పండితులు తెలుగు-కన్నడ లిపి అని ఉమ్మడి పేరుతోనే వ్యవహరిస్తారు. ప్రాచీన సాహిత్యంలో పరిశోధన చేసిన రోజుల్లో ఈ సంగతి గ్రంథాల ద్వారా తెలుసుకున్నాను. అంతకు చాలా ముందే మా తాతగారి లెక్కల పుస్తకం నాకు దీనిని నేర్పింది.

తాతగారు ఒక పత్తి వ్యాపారి వద్ద గుమాస్తా. ఆయన అక్షరాభ్యాసం కన్నడంలో జరిగింది. ఉద్యోగం మాత్రం తెలుగులో ముగిసింది. ఆయన చిన్ననాడు ఆదోని బళ్ళారి జిల్లాలో ఒక తాలూకా. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. బళ్ళారి మైసూరుకు పోయింది. “గీత యాడ గీయాలని మమ్మల్ని అడిగినోళ్ళు లేరు నాయనా” అని ఆయన నవ్వుతూ అనేవారు. ఆ లెక్కల పుస్తకంలో కొన్ని పంక్తులు ఏ లిపిలో రాశారో నేటికీ నిశ్చయంగా చెప్పలేను.

అందులోని ఒక పుటను ప్రతి సంవత్సరం తరగతిలో చూపుతూ ఉంటాను. ఒక పంక్తిలో ‘జల’ అని ఉంటుంది. నీళ్ళబండికి ఇచ్చిన కూలి అది. ఆ రెండు అక్షరాలకూ తలకట్టు లేదు కనుక తెలుగులోనైనా కన్నడంలోనైనా ఒకే రూపం. 2024లో, ఎమ్మిగనూరు నుండి రోజూ బస్సులో వచ్చే ఒక విద్యార్థిని ఆ పుటను చూసి లేచి నిలబడింది. తల్లిదండ్రులు మగ్గం నేసేవారు. “సార్, మన కంటికే తెలియకపోతే కంప్యూటరుకు ఎట్ల తెలుస్తుంది? అది తెలుగు జల అనుకుంటుందా, కన్నడ జల అనుకుంటుందా?” అని అడిగింది.

నా వద్ద సమాధానం లేదు. రేపు చెబుతానన్నాను, చెప్పడానికి మూడు వారాలు పట్టింది.

కంప్యూటరు అక్షరాన్ని చూడదు, దాని సంఖ్యను మాత్రమే చదువుతుంది. ప్రపంచ లిపులన్నింటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో 1991 నుండి తెలుగు ‘జ’కు ఒక సంఖ్య, కన్నడ ‘జ’కు మరొక సంఖ్య ఉన్నాయి. యంత్రానికి అవి వేర్వేరు. మనిషి కంటికి ఒకటే. మోసానికి చోటు సరిగ్గా ఇక్కడే ఉన్నది. ఒక బ్యాంకు పేరును తెలుగు అక్షరాలతో రాసి వెబ్‌సైటు తెరిచారనుకొందాం. చూపులకు అచ్చం అలాగే ఉండే కన్నడ అక్షరాలతో వేరొకరు మరొకటి తెరిస్తే, మన తల్లిదండ్రులు తమ రహస్య సంఖ్యను ఏ ఇంటి తలుపు వద్ద చెబుతున్నారో వారికే తెలియదు. వెబ్ చిరునామా చివర వచ్చే ‘.భారత్’ అనే తెలుగు రూపం 2011లోనే అంతర్జాలపు మూల పట్టికలో చేరింది. అటువంటి పేర్లు ఇంకా రావాలంటే ఏ అక్షరాలను అనుమతించాలో, ఏ అక్షరం ఏ అక్షరాన్ని పోలి ఉన్నదో ముందుగా ఎవరో ఒకరు తేల్చాలి.

పందొమ్మిదవ శతాబ్దంలో చిన్నయసూరి తెలుగు వర్ణాలను లెక్కించి బాలవ్యాకరణంలో నిర్ణయించాడు. ఈ కాలంలో ఆ పనిని నియో-బ్రాహ్మీ అనే బృందం చేసింది. తెలుగు, కన్నడాలతో సహా తొమ్మిది భారతీయ లిపుల నియమాలను అది రూపొందించింది. తెలుగు, కన్నడాల మధ్య పోలిక గల అక్షరాలను జంటలుగా గుర్తించి, ఒక పేరు ఒక లిపిలో నమోదైతే దానిని పోలిన పేరు రెండవ లిపిలో రాకుండా అడ్డుకట్ట వేసింది. ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టిన తరువాత, 2019లో ఐకాన్ అనే సంస్థ దానిని మూల నియమాలలో చేర్చింది. అంతర్జాలంలోని పేర్ల వ్యవస్థను సమన్వయపరచే ఈ సంస్థ 1998లో ఏర్పడింది. దాని చర్చలలో ప్రభుత్వాలతోపాటు కంపెనీలు, సాంకేతిక నిపుణులు, సామాన్య వినియోగదారులు కూడా కూర్చుంటారు.

ప్రజాభిప్రాయం అన్న మాట వద్ద నేను చాలాసేపు ఆగిపోయాను. ఏ అక్షరం ఏ అక్షరంలా కనిపిస్తుందో ఆదోని బస్టాండులో పెరిగిన పిల్లలకంటె బాగా ఎవరికి తెలుసు? వారు ఆ ముసాయిదాను చూడలేదు. తెలుగు పంతులునైన నేనూ చూడలేదు. మన అక్షరం గురించి మనం ఊరక ఉంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ఒకసారి బయటపడింది. ‘జ్ఞా’ అనే సంయుక్తాక్షరం ఒక ప్రత్యేక క్రమంలో సందేశంగా వస్తే చాలు, ఐఫోన్లలో అప్లికేషన్లు కుప్పకూలాయి. ఆ నెల 19న ఆపిల్ సంస్థ సవరణ విడుదల చేసింది. జ్ఞానం అన్న మాట రాస్తే యంత్రం మూర్ఛపోవడం చూసి నవ్వుకున్నాము గాని, ఆ ఫోను కర్మాగారం దాటకముందు దానిలో తెలుగు రాసి పరీక్షించవలసినవారెవరని అడగలేదు.

అంతర్జాల పరిపాలన మీద ఐక్యరాజ్యసమితి నిర్వహించే వార్షిక వేదిక 2008 డిసెంబరులో హైదరాబాదులో సమావేశమైంది. ఐకాన్ 57వ సమావేశం 2016 నవంబరులో అక్కడే జరిగింది. 18 నుండి 30 ఏళ్ళ విద్యార్థులను ఎంపిక చేసి ఇటువంటి సమావేశాలకు తీసుకువెళ్ళే పథకం కూడా ఐకాన్‌కు ఉన్నది. ఆదోని నుండి హైదరాబాదు ఒక రాత్రి ప్రయాణం. ఇదంతా చెప్పినప్పుడు వెనుక వరుసలోని ఒక అబ్బాయి “మేం పోతే రానిస్తారా సార్?” అన్నాడు. ఆ ప్రశ్నకు బదులుగా 2015 నాటి సంగతి చెప్పాను. కొన్ని వెబ్‌సైట్లకు ఒక ధర, కొన్నింటికి మరొక ధర ఉండవచ్చునా అని ఆ మార్చిలో టెలికాం నియంత్రణ సంస్థ అభిప్రాయాలు కోరింది. ఆ పత్రం 118 పుటల ఇంగ్లీషు. కొందరు యువకులు దానిని మామూలు మాటల్లోకి మార్చి అందరికీ వివరించారు. పది లక్షలకు పైగా ఈమెయిళ్ళు వెళ్ళాయి. 2016 ఫిబ్రవరి 8న ఆ సంస్థ వివక్షతో కూడిన ధరలను నిషేధించింది. ఆ అబ్బాయి మరేమీ అనలేదు. ఆ 118 పుటలు ఎక్కడ దొరుకుతాయని మాత్రం అడిగాడు.

2025 జనవరిలో మా తరగతికే పరీక్ష వచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి కేంద్ర ప్రభుత్వం ముసాయిదా నియమాలు ప్రకటించి అభిప్రాయాలు కోరింది. ఆ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివారందరూ బాలలే. వారి సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకొని, దానిని నిర్ధారించుకోవాలి. బాలల కదలికలను గమనించి వారికి గురిపెట్టి ప్రకటనలు చూపరాదని కూడా ఉన్నది. అది మేలైన మాటే. ముసాయిదాను నేను తెలుగులో చదివి వినిపించాను.

ఎమ్మిగనూరు అమ్మాయి మళ్ళీ లేచింది. “మా అమ్మ ఫోనుకు ఏం వచ్చినా నేనే చదివి చెప్పాల సార్. నాకు అనుమతి ఇయ్యమని అడిగే కాగితం కూడా నేనే చదివి, నేనే అమ్మ వేలితో నొక్కిస్తా. అప్పుడు అనుమతి ఎవరిది?” అన్నది. తరగతిలో సగం మందికి ఇదే పరిస్థితి అని ఆనాడే తెలిసింది. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం స్థాపించాడు. నేసేవాడికి సంఘంలో సభ్యత్వం ఇవ్వడం ఆ ఊరికి కొత్త కాదు. ఫోను లోకంలో ఆ నేతగాని కూతురు ఇంటికంతటికీ గుమాస్తా. నియమాలలో మాత్రం బాల.

ప్రయోగ పరీక్షల హడావుడిలోనే అర్జీ రాశారు. వయసు తగ్గించాలని కోరుదామని కొందరన్నారు. వయసు చట్టంలోనే ఉన్నది, నియమాలు దానిని మార్చలేవని చెప్పాను. ఇద్దరు అమ్మాయిలు సంతకం చేయమన్నారు. తల్లిదండ్రులను అడగడం సరైనదేనని వారి వాదం. దానిమీద ఒక పూట గడిచింది. అనుమతి కోరే విజ్ఞప్తిని తెలుగుతో సహా ఎనిమిదవ షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలు ఉండాలని చట్టం ఇప్పటికే చెబుతున్నదని వెనుక వరుస అబ్బాయి కనిపెట్టాడు. చదవలేనివారి సంగతి అందులో లేదు. ఆ విజ్ఞప్తిని తెలుగులో వినిపించే ఏర్పాటు కూడా ఉండాలన్న ఒక్క కోరికను అర్జీలో నిలిపారు. అప్పుడు ఆ ఇద్దరూ సంతకం చేశారు. ఫిబ్రవరిలో పంపించాము.

తుది నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. దశలవారీగా అమలులోకి వచ్చే ఆ నియమాలను పిల్లలు పుట పుటా వెతికారు. వినిపించాలన్న మాట కనబడలేదు. ఎమ్మిగనూరు అమ్మాయి అప్పటికి ద్వితీయ సంవత్సరం. 18 నిండడానికి నాలుగు నెలలు ఉన్నది. ఇక నీకు ఎవరి అనుమతీ అవసరం ఉండదు కదమ్మా అన్నాను. “చెల్లెలు తొమ్మిదో తరగతి సార్” అని, అర్జీ నకలు ఒకటి మడిచి పుస్తకంలో పెట్టుకొని బస్సుకు వేళయిందని వెళ్ళిపోయింది.