నడవనని మొరాయించే పిల్లలు



ధనుర్మాసంలో పిల్లలను దుప్పటిలోంచి లేపడమే ఒక యజ్ఞం. ఇక నడకకు తీసుకువెళ్లడం సంగతి చెప్పనక్కరలేదు. 5 నుంచి 17 ఏళ్ల వయసు వారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఆచరణలో అది ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు.

ఒక సంక్రాంతి సెలవులకు మనవలు ముగ్గురూ హైదరాబాదు నుంచి కోనసీమలోని మా ఇంటికి వచ్చారు. కాలువ గట్టు మీద నడుద్దామని అందరినీ బయలుదేరదీశాను. మంకీ క్యాపు పెట్టుకోనని పెద్దవాడు, ఫోను ఇస్తేనే వస్తానని మనవరాలు, చెప్పు ఒకటి కనిపించడం లేదని చిన్నవాడు. గడప దాటేసరికి ముప్పావు గంట గడిచింది. వంతెన రాకముందే ఒకరికి కాళ్లనొప్పి, మరొకరికి ఆకలి. చిన్నవాడు మాత్రం ఒక కుక్కపిల్ల వెంట పరుగెత్తి, తిరిగి వచ్చి గట్టు మీద కూలబడ్డాడు.

"ఇక నడవను తాతయ్యా" అన్నాడు.

"వీడికి బద్ధకమండీ మావయ్యగారూ, బడిలో ఆటల పీరియడులోనూ ఇంతేనట" అని మా కోడలు విసుక్కుంది.

పెద్దపిల్లలవి సాకులే. చిన్నవాడిది సాకు కాదు. పరుగు ఆపిన కొద్ది నిమిషాలకు పొడిదగ్గు మొదలైంది. వీపుకు చెవి ఆనించి వింటే సన్నని పిల్లికూతలు. అరగంట కూర్చోబెట్టాక నెమ్మదించింది. "పరుగెత్తితే ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?" అని అడిగాను. "ఛాతీ పట్టేసినట్లు ఉంటుంది. అందరికీ అంతే కదా తాతయ్యా?" అన్నాడు ఆ ఎనిమిదేళ్ల పసివాడు. తరువాత పిల్లల వైద్యుడు పరీక్షించి ఉబ్బసమని నిర్ధారించారు.

పరుగెత్తేటప్పుడు మనం నోటితో వేగంగా గాలి పీలుస్తాము. చల్లని పొడిగాలి ఊపిరి గొట్టాల్లోని తేమను లాగేస్తుంది. ఉబ్బసపు స్వభావం ఉన్న పిల్లల్లో ఆ గొట్టాలు బిగుసుకుంటాయి. అంతేకాక శీతకాలపు తెల్లవారుజామున పొగ, ధూళి పైకి పోకుండా నేలకు దగ్గరగా నిలిచిపోతాయి. భోగిమంటల పొగ దీనికి తోడవుతుంది.

అందువల్ల ఎండ వచ్చి మంచు విడిన తరువాతే పిల్లలను బయటకు తీసుకువెళ్లండి. పది నిమిషాలు నెమ్మదిగా నడిపించి, ఆ తరువాతే పరుగెత్తనివ్వండి. ముక్కు, నోరు కప్పేలా మఫ్లరు చుట్టండి. ఆడినప్పుడల్లా దగ్గు వస్తుంటే వైద్యునికి చూపించండి. ఇన్‌హేలరు అలవాటైపోతుందన్న భయం వద్దు. అది వ్యసనం కలిగించే మందు కాదు. ఉబ్బసం ఉన్నదని ఆటలు మాన్పించవద్దు. వైద్యుడు చెప్పినట్లు మందు వాడితే ఆ పిల్లలూ అందరిలాగే ఆడగలరు. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా ఆలస్యం చేయక 108కి ఫోను చేయండి.

పిల్లలకు తమ శరీరం ఒక్కటే తెలుసు. ఇతరులకు ఎలా ఉంటుందో పోల్చుకోలేరు. కనుక నడవనన్న బిడ్డను బద్ధకస్తుడని అనే ముందు పక్కన కూర్చొని, "ఎక్కడ ఇబ్బందిగా ఉంది నాన్నా?" అని అడగండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు సాకే వినవచ్చు. అయినా పదోసారి కూడా అడగండి.