సూరత్ చెరువు గట్టున మాటు గుడారం

ఒకప్పుడు వేటగాడు దాగిన చాటులో నేడు పక్షిని చూడవచ్చినవాడు కూర్చుంటున్నాడు. ఆ చాటును ఎన్నుకోవడంలో ఒక మర్యాద ఉన్నది.

సూరత్ నగరం నుండి డుమస్ సముద్రతీరానికి పోయే దారిలో, విమానాశ్రయానికి చేరువలో గవియర్ చెరువు ఉన్నది. శీతకాలపు వేకువలో దాని మీద పొగమంచు విడిపోయేసరికి నీరంతా సందడి. నీటి ఆకుల మీద పొడుగాటి వేళ్లతో తామరకోడి ఆచితూచి నడుస్తుంది. నుదుట తెల్లనామం దిద్దుకొన్నట్లుండే నల్లని నామాలకోళ్లు బారులు తీరుతాయి. ఉత్తరాది చలిని తప్పించుకొని వేల మైళ్లు ఎగిరివచ్చిన బాతులు తల వెనక్కు తిప్పి రెక్కల్లో ముక్కు దాచుకొని కునుకు తీస్తాయి. 1984లో ఏర్పడిన నేచర్ క్లబ్ సూరత్ సభ్యులు ఈ చెరువు పరిరక్షణకు ఎంతో శ్రమించారు.

గట్టు మీద ఒక మనిషి వచ్చి నిలబడితే చాలు, ఈ దృశ్యం చెదిరిపోతుంది. దగ్గరి పక్షులు లేచిపోతాయి, దూరంగా ఉన్నవి ఇంకా దూరం జరుగుతాయి. అదే మనిషి ఒక గుడ్డ గుడారంలో కదలక కూర్చుంటే, అరగంటకో గంటకో పక్షులు తమ పనుల్లో పడతాయి. మనిషి ఆకారం కనబడకపోవడమే ఆ గుడారం చేసే మేలు. వేటగాళ్ల భాషలో దీని పేరు మాటు.

బాతు తోలులో తల

మోసుకుపోగల మాటు నేటి కల్పన కాదు. 1573లో సూరత్ కోటను అక్బరు చక్రవర్తి వశం చేసుకొన్నాడు. ఆయన కొలువులోని అబుల్ ఫజల్ తన ‘అయినీ అక్బరీ’లో నీటిపక్షుల వేటను గురించి ఒక విచిత్రం వ్రాశాడు. రెక్కలు, ముక్కు, తోక చెడకుండా పక్షి తోలును ఒలిచి, లోపల డొల్లగా ఉంచి, చూడడానికి రెండు రంధ్రాలు చేస్తారు. వేటగాడు దానిలో తల దూర్చి, మెడలోతు నీటిలో మెల్లగా నడుస్తాడు. పక్షుల మధ్యకు చేరి, ఒక్కొక్కదానినే నీటి అడుగుకు లాగివేస్తాడు. పక్కనున్న పక్షికి తన తోటిది ఏమైనదో తెలియదు.

నేల మీద మాటు మరొక విధం. పార్థీలలో ఒక తెగవారు శిక్షణ ఇచ్చిన ఎద్దును ముందు నడిపించి, దాని చాటున వేట జంతువును సమీపించేవారు. మేస్తున్న పశువును చూసి లేడి గాని కౌజు గాని బెదరదు కదా!

మాటుకు తుపాకి తోడైన తరువాత వేటకు హద్దు లేకపోయింది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేలల్లో 1938 నవంబరు 12న, వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు పాల్గొన్న వేటలో ఒక్కరోజునే 4,273 పక్షులు నేలకూలాయి. పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ 1896లో పుట్టినది కూడా నవంబరు 12వ తేదీనే. నేడు ఆ తేదీని మనదేశంలో పక్షి వీక్షణ దినంగా జరుపుకొంటున్నారు. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట వినోదం కాకుండా పోయింది. మాటు మాత్రం మిగిలింది. తుపాకి గొట్టం పెట్టిన కంతలో కెమెరా కటకం చేరింది.

మెరుపే లోపం

మాటు గుడారాన్ని ఎన్నుకొనేవారికి సూరత్‌లో ఒక చిత్రమైన పాఠం దొరుకుతుంది. ఇది కృత్రిమ దారపు వస్త్రాలకు దేశంలోకెల్ల పేరుపొందిన నగరం. తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలెన్నో ఇక్కడ మరమగ్గాల మీద బ్రతుకు నేసుకొన్నవి. రింగ్ రోడ్డు బజారుల్లో గుడ్డను వెలుతురులో పరచి, తళుకు చూసి బేరమాడతారు. చీరకు ఆ తళుకే అందం. గుడారానికి అదే మొదటి లోపం. పాలియెస్టర్ గుడ్డ తేలిక, వానకు తడిసినా త్వరగా ఆరుతుంది. కాని మెరిసే నేత అయితే ఎండలో అద్దంలా పక్షి కంటికి తగులుతుంది. ఎన్నుకోవలసినది మెరుపు లేని, గరుకైన, మట్టివన్నె గుడ్డ.

ఇందులో మనిషి కంటికి అందని సంగతి కూడా ఉన్నది. మనం చూడలేని అతినీలలోహిత కాంతిని చాలా పక్షులు చూడగలవు. తెల్లదనం పెంచే సబ్బుపొడులలోని రసాయనాలు ఆ కాంతి పడినప్పుడు నీలికాంతిని వెదజల్లుతాయి. అందువల్ల గుడారాన్ని అటువంటి పొడితో ఉతకరాదు. మంచినీటితో కడిగి నీడన ఆరవేస్తే చాలు.

తరువాత చూడవలసినది బిగువు. గాలికి టపటప కొట్టుకొనే గుడ్డ దాపరికం కాదు, దండోరా. మడత విప్పగానే ఉక్కు చుట్టతో లేచి నిలిచే గుడారాలు తేలిక, నిలపడం సులువు. కడ్డీలతో గోడలను బయటికి తన్ని బిగించే రకం బరువైనా, డుమస్ వైపు సముద్రపు గాలికి అదే నిలుస్తుంది. లోపలి వైపు నల్లగా ఉండాలి. లేకుంటే వెనుక నుండి పడే వెలుతురులో కూర్చున్నవాని నీడ గుడ్డ మీద తోలుబొమ్మలా ఆడుతుంది. కిటికీ తెరవడానికి అంటుడు పట్టీ ఉంటే దాని చప్పుడుకే పక్షులు లేస్తాయి. మెల్లగా జరిగే జిప్పు మేలు. సూరత్‌లో జనవరి మధ్యాహ్నం కూడా 30 డిగ్రీల వేడి వింత కాదు కనుక, గాలి ఆడే కంతలు పైభాగాన ఉండాలి. నడుము నొప్పి పుట్టి మాటిమాటికి కదిలేవానికి ఎంత ఖరీదైన గుడారమూ ఉపయోగపడదు. కనుక కొనేముందు అందులో ఒక గంట కూర్చుని చూడడం వివేకం.

ఒకరు వెళ్లి, ఒకరు మిగిలి

గుడారం మంచిదైనంత మాత్రాన పని పూర్తి కాదు. చెరువు సంరక్షకుల అనుమతి మొదటి మెట్టు. ఆపైన గుడారాన్ని దూరంగా నిలిపి, పక్షులు దానికి అలవాటుపడిన కొద్దీ రోజుకు కొంత చొప్పున ముందుకు జరపాలి. లోనికి ఇద్దరు కలిసి వెళ్లి, ఒకరు బయటికి వచ్చి అందరికీ కనబడేలా నడిచిపోవడం అనుభవజ్ఞుల పద్ధతి. వచ్చినవాడు వెళ్లిపోయాడని పక్షులు తరచుగా నమ్ముతాయి. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఆ రెండవవాడే వచ్చి తీసుకుపోవాలి. గుడారం నుండి హఠాత్తుగా మనిషి మొలిస్తే, మరునాడు ఆ గుడారమంటేనే పక్షులకు భయం.

గూటి దగ్గర మాత్రం ఈ నేర్పులన్నీ పక్కన పెట్టవలసిందే. తల్లి లేచిపోయిన గూటిలో గుడ్లు ఎండకు ఉడికిపోతాయి, లేదా కాకుల పాలవుతాయి. 1972 నాటి చట్టం ‘వేట’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో చంపడం, పట్టడం మాత్రమే కాక, పక్షుల గుడ్లను, గూళ్లను చెదరగొట్టడం కూడా చేరి ఉన్నది. ఛాయాచిత్రం కోసం గూటికి అడ్డమైన కొమ్మను విరిచినవాడు, చేతిలో తుపాకి లేకున్నా, చట్టం దృష్టిలో వేటగాడు కావచ్చు.

పొద్దు వాలేవేళ సహచరుడు గట్టు మీద కనబడతాడు. దగ్గరి బాతులు నెమ్మదిగా ఈదుకుంటూ లోనీటికి జరుగుతాయి, ఒక్కటీ ఎగరదు. గుడారం మడతపడి భుజానికెక్కుతుంది. అది నిలిచిన చోట నలిగిన గడ్డి తప్ప మరేమీ మిగలదు. కాసేపటికి తామరకోడి ఆ గట్టు వారకే మేతకు వస్తుంది.