పెద్ద జాడీ ఎక్కడ పెట్టాలి?

కూర్చోండి, కాఫీ వస్తోంది. ఈ మధ్య నన్ను ముగ్గురు ఒకే మాట అడిగారు. ఇంటి లోపలి డిజైన్ ఆన్‌లైన్లో చేయించుకుంటే ఆ డబ్బుకి న్యాయం జరుగుతుందా, దండగా అని. ఒకరిది నరసరావుపేట, ఒకరిది పర్చూరు, ఇంకొకరిది మా గుంటూరు బ్రాడీపేటలోనే పక్క వీధి. ఫోన్లో ముక్తసరిగా ఏదో చెప్పాను గానీ, చెప్పాల్సింది చాలా మిగిలిపోయింది. మీకైతే తీరిగ్గా చెప్పొచ్చు.

మా అక్కది ఇంకొల్లు. మొన్నటిదాకా ప్రకాశం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. జిల్లా పేరు మారిందంతే, నేల అదే నల్లరేగడి. బావగారు పత్తి, మిర్చి, శనగ వేస్తారు. కొడుకు డాలస్‌లో ఉంటాడు. పాత పెంకుటిల్లు తీసేసి అదే చోట స్లాబు ఇల్లు లేపారు, వెనక గది మాత్రం ఇరవై ఏళ్ళ కిందట కట్టిందే ఉంచేశారు. గోడలు లేచాక పిల్లవాడు ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు హైరానా పడొద్దు, కబోర్డులూ వంటిల్లూ అన్నీ నేను ఆన్‌లైన్లో డిజైన్ చేయిస్తా" అన్నాడు. ఓ సంస్థకి పదిహేను వేలు కట్టాడు. బావగారు సెల్‌ఫోన్లో ఫొటోలు తీసి, టేపుతో గదులు కొలిచి పంపారు. పదో రోజుకి బొమ్మలొచ్చాయి.

చూడ్డానికి ఎంత బాగున్నాయో! తెల్లటి వంటిల్లు, హాలుకీ దానికీ మధ్య గోడ లేదు, గట్టు మీద ఒక్క గిన్నె లేదు. అక్క కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. చివరికి నా వైపు తిరిగి, "ఇందులో పెద్ద జాడీ ఎక్కడ పెడతానే?" అంది.

ఆ జాడీ మా అమ్మమ్మది. కింద తెలుపు, పైన గోధుమరంగు, భుజం దగ్గర చిన్న పెచ్చు లేచి ఉంటుంది. ఎత్తు అడుగున్నర. మూత పెట్టి గుడ్డ వాసెన కడితే ఇంకో రెండంగుళాలు పెరుగుతుంది. మే నెలలో ఆవకాయ, మిరప పండాక పండుమిరపకాయ పచ్చడి అందులోకే. దాని వెనక మరో నాలుగు చిన్న జాడీలు. ఆ బొమ్మలో అరలన్నీ పదీ పన్నెండు అంగుళాల ఎత్తువే. జాడీని పడుకోబెట్టాలి తప్ప నిలబెట్టే చోటు లేదు.

ఆ బొమ్మ గీసినవాళ్ళని నేను తప్పు పట్టను. పిల్లవాడు నింపిన ఫారం నేను చూశాను. ఏ రంగు ఇష్టం, ఏ తరహా ఇష్టం, బడ్జెట్ ఎంత అని అడిగారు. ఇంట్లో ఎవరు వండుతారు, ఏం వండుతారు, ఏడాది సరుకు ఏముంటుంది అన్న ప్రశ్న ఒక్కటీ లేదు. అడగని సంగతి బొమ్మలోకి ఎలా వస్తుంది చెప్పండి? డాలస్ నుంచి డబ్బు కట్టేవాడు ఒకడు, ఇంకొల్లులో ఆ గట్టు దగ్గర నిలబడేది ఒకరు. మన ప్రాంతంలో ఈ సేవలు కొంటున్న ఇళ్ళలో చాలావాటి కథ ఇదే. అందుకే మొదటి మాటగా చెబుతున్నాను. డిజైనర్‌తో మొదటి వీడియో కాల్‌లో మాట్లాడాల్సింది అమెరికా అబ్బాయి కాదు, ఆ ఇంట్లో కాపురం ఉండే అమ్మ.

గోడ లేని వంటింటి సంగతి కూడా చెప్పాలి. ఎండుమిరపకాయలు మూకుట్లో వేగేటప్పుడు వచ్చే ఘాటు సంగతి గుంటూరు సీమలో పుట్టినవాళ్ళకి నేను వేరే చెప్పాలా? చిమ్నీ ఉన్నా సరే, హాల్లో మనవడు తుమ్ముతాడు, సోఫా గుడ్డకి నాలుగు రోజులు అదే వాసన. గోడ కావాలి. పోనీ, మూసుకునే గాజు తలుపైనా కావాలి. ఇది మన వంటకు సంబంధించిన లెక్క, పాతకాలపు చాదస్తం కాదు.

ఇక అసలు సంగతి, నేల. వేసవిలో చేలో బీటలు చూశారు కదా, చెయ్యి దూరేంత. తొలకరికి నీళ్ళు తాగి ఆ మట్టే ఉబ్బుతుంది. దాని మీద కట్టిన గోడ ఏడాదికోసారి ఆ ఊపిరికి కదులుతూనే ఉంటుంది. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్ పునాది పద్ధతిని తయారుచేసింది. ఊళ్ళలో పాత ఇళ్ళకి అలాంటి పునాదులు ఎక్కడివి?

అక్క వాళ్ళ వెనక గదిలో గోడ నుంచి గోడకి బీరువా గీశారు ఆ బొమ్మలో. కార్పెంటర్ మేస్త్రి వచ్చి, ఏమీ మాట్లాడకుండా టేపు తీసి గదిని ఈ మూల నుంచి ఆ మూలకి కొలిచాడు. పన్నెండు బై పది గది. ఒక మూలకొలత 15 అడుగుల 8 అంగుళాలు, రెండోది 15 అడుగుల ఆరున్నర అంగుళాలు. తర్వాత నేల మీద రసమట్టం పెట్టాడు. బుడగ గీతల మధ్య నిలవలేదు, పక్కకి జరిగి ఆగింది. "గది మూలమట్టానికి లేదమ్మా. నైరుతి మూల దిగింది. ఫ్యాక్టరీలో కోసుకొచ్చిన పెట్టె ఇక్కడ దూరదు, దూరినా తలుపులు పడవు" అన్నాడు. బావగారు నాలుగు గోడల పొడవులు కొలిచి పంపారు, మూలకొలతలు పంపలేదు. అవి కావాలని ఎవరూ అడగనూ లేదు.

అయితే దండగేనా అంటారేమో, ఆగండి. కథ అక్కడితో అయిపోలేదు.

పిల్లవాడు రెండోసారి విజయవాడలో ఒక ఆర్కిటెక్ట్ అమ్మాయిని పట్టుకున్నాడు. ఆమె కూడా ఆన్‌లైన్లోనే చేసింది. ఫీజు 22 వేలు, జీఎస్టీ 18 శాతం అదనం. మొదటి కాల్ గంటన్నర, అంతా అక్కతోనే. పొయ్యి తూర్పు ముఖంగా ఉండాలా? నిలబడి ఎంతసేపు వండుతారు? మీ ఎత్తెంత, మోకాళ్ళ నొప్పులున్నాయా? బియ్యం బస్తాలు ఎక్కడ పెడతారు? పడమటి గోడ ఏది? ఎండాకాలం వార్తల్లో రెంటచింతల పేరు విననివాళ్ళు లేరు కదా, మన దగ్గర పడమటి గోడ రాత్రి పదింటిదాకా కాగుతూనే ఉంటుంది. బీరువాలు ఆ గోడకి పెట్టించి మంచాన్ని దూరం జరిపింది. మేస్త్రిని వీడియోలోకి పిలిచి మూలకొలతలు రాసుకుంది. బీరువాకి రెండు పక్కలా, పైనా ఫిల్లర్ పట్టీలకి చోటు వదిలింది. జాడీ ఎత్తు కూడా అడిగింది!

ఆమె పంపినవాటిలో రంగుల బొమ్మలు నాలుగే. మిగిలిన పదకొండు కాగితాలూ కొలతల డ్రాయింగులు. ప్రతి అరకీ అంగుళాలు, ప్రతి స్విచ్చికీ నేల నుంచి ఎత్తు, ఏ గోడలో ఏ పైపు. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీట్లు ఎన్ని పడతాయో లెక్క. సింకు కింద ఐఎస్ 710 ప్లైవుడ్, మిగతా గదుల్లో ఐఎస్ 303 చాలని రాసింది. మేస్త్రి ఆ కాగితాలు గోడకి అంటించుకుని పనిచేశాడు. నేను చెప్పే డబ్బు విలువ అదీ. మేస్త్రి చేతిలో పనికొచ్చే కాగితానికి కట్టండి, ఫోన్లో చూసి మురిసే బొమ్మకి కట్టొద్దు.

వేళ కూడా ముఖ్యమే. ప్లాస్టరింగ్ కాకముందు, కరెంటు పైపులు గోడల్లోకి పోకముందు డిజైన్ చేతికి రావాలి. రంగులు వేశాక వస్తే ప్రతి మార్పుకీ గోడ పగలగొట్టాల్సిందే.

"ఉడ్‌వర్క్ మాతో చేయించుకుంటే డిజైన్ ఉచితం" అనే మాట కూడా వింటున్నారు కదా. లివ్‌స్పేస్, హోమ్‌లేన్ లాంటి బెంగళూరు సంస్థలు 2014లో మొదలయ్యాక మన దగ్గర ఈ మొత్తం ప్యాకేజీ పద్ధతి బాగా అలవాటైంది. ఊపిరి సలపని ఉద్యోగస్థులకి, నగరంలో కొత్త అపార్ట్‌మెంటుకి అది నప్పుతుంది, కాదనను. కానీ ఉచితమన్న డిజైన్ ఖర్చు చెక్క ధరలోనే ఉంటుంది. డిజైన్‌కి విడిగా ఫీజు కట్టినప్పుడే ఆ మనిషి మీ తరఫున నిలబడి, "ఇక్కడ అర అక్కర్లేదు, వదిలేయండి" అనగలుగుతుంది.

వంటగట్టుకి మొదటి సంస్థ రాసింది ఎక్కడో తయారైన క్వార్ట్జ్ పలక. అందులో రాతిపొడిని అతికించేది రెజిన్. పొయ్యి మీంచి దించిన అట్లపెనం నేరుగా పెడితే ఆ జిగురు ఓర్చుకోదు. ఒంగోలు దాటితే చీమకుర్తి. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్‌ని దేశదేశాలు ఓడల మీద తెప్పించుకుంటున్నాయి. దాన్ని పెరట్లో పెట్టుకుని మనం క్వార్ట్జ్ కొనడమేమిటండీ? అక్క గట్టు చీమకుర్తి రాయే.

డబ్బు కట్టే ముందు ఇంకొన్ని చూసుకోండి. ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవాలంటే 1972 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదై ఉండాలి. ఇంటీరియర్ డిజైనర్ అనే పేరుకి అలాంటి నమోదు లేదు, కాబట్టి చేసిన ఇళ్ళు చూపించమనండి, ఆ ఇంటివాళ్ళతో మాట్లాడండి. ఎన్నిసార్లు మార్పులు చేస్తారో ముందే రాయించుకోండి. మొత్తం ఒకేసారి కట్టకండి. అమెరికాలో లారెల్ అండ్ ఊల్ఫ్ అనే ఆన్‌లైన్ డిజైన్ సంస్థ 2019లో మూతపడింది, అలాంటిదే మోడ్సీ 2022లో డిజైన్ సేవలు ఆపేసింది, ఆర్డర్లు మధ్యలో ఉన్నవాళ్ళు నానా అవస్థ పడ్డారు. డ్రాయింగు చేతికొచ్చినకొద్దీ డబ్బు కదలాలి.

ఒక్క గదికి బీరువా, ఒక టీవీ యూనిట్ అయితే ఏ డిజైనరూ అక్కర్లేదు. మీ ఊరి మేస్త్రిని పిలిచి, అతను చేసిన రెండిళ్ళు చూసి, కాగితం మీద కొలతలు రాయించుకుంటే చాలు. ఇల్లంతా కొత్తగా చేస్తున్నారా, పని మొత్తం నాలుగైదు లక్షలకి పైమాటా, గోడలు ఇంకా పచ్చిగా ఉన్నాయా, అప్పుడు మాత్రం మంచి డ్రాయింగుకి ఇరవై ముప్పై వేల ఖర్చుకి వెనకాడకండి.

అక్క వంటింట్లో కింది అర ఎత్తు ఇప్పుడు 22 అంగుళాలు. మీరు ఎవరికైనా డబ్బు పంపబోతుంటే ముందు రెండు పనులు చేయండి. గదుల మూలకొలతలు తీయండి, ఇంట్లో అన్నిటికన్నా పెద్ద జాడీని కొలవండి. ఆ కొలతలు పంపాక అవతలివాళ్ళు ఏం అడుగుతారో చూసి అప్పుడు కట్టండి.