రైలు ఆగిపోయే ఊరు

పొద్దున రైలెక్కి ఏదైనా ఏటి ఒడ్డున ఉన్న ఊరికి వెళ్ళి, కాసేపు కూర్చుని, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరుకోవడం అనేది వినడానికి ఎంతో సుళువుగా ఉంటుంది. తీరా ఏ ఊరని అడిగితే ఇంట్లో నలుగురికీ నాలుగు ఊళ్ళు తోస్తాయి. మా బెజవాడ వాళ్ళకు ఇంకో చిక్కు కూడా ఉన్నది. గుమ్మం ముందు కృష్ణ పారుతూ ఉంటే, టిక్కెట్టు కొనుక్కుని మరో ఏరు చూడబోవడమేమిటని ఇరుగుపొరుగులు నవ్వుతారు. ఇంటి ముందున్న ఏటి దగ్గర కూర్చుంటే ఇంటిపనులే గుర్తుకు వస్తాయని వారికి నా మనవి.

ఈ ఏడు సంక్రాంతి వెళ్ళిన తరువాత మా ఇంట్లో ఈ చర్చ లేచింది. అమ్మాయి ఉద్యోగానికి పుణె వెళ్ళడానికి పదిరోజులే మిగిలి ఉన్నది. మా అమ్మకు డెబ్బైరెండేళ్ళు. మోకాళ్ళు మాట వినడం మానేశాయి. నలుగురం కలిసి ఒక్క రోజు ఎక్కడైనా గడపాలి, తిరిగి వచ్చాక ఎవరూ కాళ్ళు పట్టుకు మూలగకూడదు అని మా ఆవిడ ఉత్తర్వు.

ఇటువంటి ప్రయాణానికి ముందుగా చూసుకోవలసింది స్టేషను పేరు. పేరు చివర "రోడ్డు" అన్న తోక ఉన్నదంటే జాగ్రత్త పడాలి. భద్రాచలం రోడ్డు స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. అక్కడినుంచి రాములవారి గుడికి సుమారు నలభై కిలోమీటర్లు. శ్రీకాకుళం రోడ్డు ఉన్నది ఆమదాలవలసలో. నాగావళి ఒడ్డున ఉన్న శ్రీకాకుళానికి మళ్ళీ బస్సో, ఆటోనో ఎక్కవలసిందే. ఇందులో రైలువారి మోసమేమీ లేదు. ఇక్కడ ఉన్నది ఊరు కాదు, ఊరికి పోయే రోడ్డు మాత్రమేనని బోర్డు మీదే రాసిపెట్టారు. చదవని తప్పు మనది.

హైదరాబాదునుంచి వచ్చి ఉన్న మా తోడల్లుడు బాసర అన్నాడు. బాసర చక్కని చోటే, రైలు గోదావరి చెంతకే చేరుస్తుంది; కాని బెజవాడనుంచి అది ఒక పూట పని కాదు. నేను రాజమహేంద్రవరం అన్నాను. మా ఆవిడ వెంటనే కాదన్నది. తెలుగు పంతుల్ని రాజమండ్రి తీసుకువెళితే కూర్చోనిస్తాడా అని ఆమె వాదన. ఆ మాట నిజమే. నన్నయ భారతం మొదలుపెట్టిన ఊరు. 1881లో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరు. దామెర్ల రామారావు చిత్రాలు ఒకవైపు పిలుస్తాయి, గౌతమీ గ్రంథాలయం ఇంకొకవైపు. ధవళేశ్వరంలో కాటన్ దొర మ్యూజియం చూడకుండా ఎలా వస్తాం? ఇన్నీ చూసి, రేవుకు వెళ్ళేసరికి తిరుగుబండి వేళ అవుతుంది. చూడవలసినవి ఎక్కువగా ఉన్న ఊరు విశ్రాంతికి పనికిరాదు. రాజమండ్రికి రెండు రాత్రుళ్ళకు సరిపడా బట్టలు సర్దుకుని వెళ్ళాలి.

అప్పటిదాకా మాట్లాడకుండా చిక్కుళ్ళు వలుస్తున్న అమ్మ, "నరసాపురం వెళదాం, మెట్లమీద కూర్చోవచ్చు" అన్నది. మరి మాటలేదు.

ఆలోచించిన కొద్దీ అంతకన్న మంచి ఎంపిక లేదని తోచింది. నరసాపురం రైలుకు ఆఖరి స్టేషను. పట్టాలు అక్కడితో సరి. పెద్దవాళ్ళతో, పిల్లలతో ప్రయాణం చేసేవారికి ఇందులో ఉన్న సుఖం ఇంతింత కాదు. మన ఊరు దాటిపోతుందేమోనని కిటికీలోంచి బోర్డులు చదవనక్కరలేదు. బండి ఆగిన రెండు నిమిషాల్లో ముసలమ్మను, సంచులను, మరచెంబును దించే హడావుడి లేదు. అందరూ దిగాక మనం దిగవచ్చు. సాయంత్రం బండి అక్కడే బయలుదేరుతుంది గనక ముందుగా వెళ్ళిన వారికి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

దారి కూడా తీసిపారేసేది కాదు. గుడివాడ దాటితే నేల పల్లమవుతుంది. కైకలూరు, ఆకివీడు ప్రాంతాల్లో పొలాలకంటె చేపల చెరువులే ఎక్కువ. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరును రైలు దాటుతుంది. భీమవరం దాటి వీరవాసరం వచ్చేసరికి కొబ్బరిచెట్లు పట్టాల మీదికి వంగి చూస్తాయి. పాలకొల్లులో క్షీరారామం గాలిగోపురం చూసి అమ్మ చేతులు జోడించింది. మా నాన్నగారిది వీరవాసరం దగ్గర పల్లె. ఆ స్టేషనులో ఆమె చేతులు జోడించలేదు గాని, బండి కదిలేవరకు కిటికీ వదలలేదు.

స్టేషను బయట ఆటో మాట్లాడుకుని తిన్నగా వలందర రేవుకు వెళ్ళాం. వలందా వారంటే డచ్చివారు. వాళ్ళు వర్తకానికి వచ్చి మూడువందల ఏళ్ళు దాటినా, వాళ్ళ పేరు ఈ మెట్లకు అంటుకుని ఉన్నది. ధవళేశ్వరం దగ్గర చీలిన గోదావరిలో వశిష్ఠపాయ ఇది. ఇక్కడినుంచి అంతర్వేదికి, అంటే సముద్రానికి, ఆట్టే దూరం లేదు. అందుచేత ఏరు ఒక్కలాగే ఉండదు. మేము వెళ్ళినప్పుడు నీళ్ళలోంచి నాలుగు మెట్లు పచ్చగా పాచి పట్టి పైకి తేలి ఉన్నాయి. పులిహోర తిని, దద్ధ్యోదనం తిని, ఓ కునుకు తీసి చూస్తే ఆ నాలుగూ కనపడలేదు. అమ్మాయి ఆశ్చర్యపోయి చూస్తున్నది. జీవితంలో ఆటుపోట్లు అని పరీక్షల్లో రాసే పిల్లలందరినీ ఒకసారి ఈ మెట్లమీద మూడు గంటలు కూర్చోబెడితే, ఆ మాటకు నేను వేరే అర్థం చెప్పనక్కరలేదు.

ఊరికి దిగువన మాధవాయిపాలెం రేవు ఉన్నది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీవారికి అక్కడ వర్తకశాల ఉండేది. ఈ ప్రాంతంలో ఓడలు కట్టేవారు. అక్కడినుంచి సీమకు వెళ్ళిన నూలుగుడ్డకు ఊరిపేరే పెట్టుకుని "మడపొల్లం" అన్నారు. ఇంగ్లీషు నిఘంటువుల్లో ఆ మాట ఇప్పటికీ ఉన్నది. తెలుగులోకి వచ్చిన పరాయి మాటలకు మేము క్లాసులో పట్టికలు కడుతూ ఉంటాం. ఇది అటు వెళ్ళిన మాట.

ఇప్పుడా రేవు పంటుకు ప్రసిద్ధి. మనుషులు, మోటారుసైకిళ్ళు, కొబ్బరి గెలలు, కార్లు అన్నీ ఒక్క బల్లమీద నిలబడి అవతల సఖినేటిపల్లికి దాటుతాయి. వరదల్లో పంటు ఆపేస్తారు. మాఘమాసంలో అంతర్వేది తీర్థం రోజుల్లో రేవులో కాలు పెట్టే చోటుండదు. ఈ రెండూ తప్పించి ఎప్పుడు వెళ్ళినా ఆ కాసేపటి ప్రయాణం బాగుంటుంది.

అమ్మ పంటు ఎక్కుతానన్నది. మోకాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనొక రెక్క, అమ్మాయి ఒక రెక్క పట్టుకుని ఎక్కించాం. ఆమె పుట్టిల్లు సఖినేటిపల్లికి అవతల పల్లె. మామయ్యలిద్దరూ పొలం అమ్ముకుని వెళ్ళిపోయి చాలాకాలమైంది. అవతలి ఒడ్డు చేరాక అందరూ దిగిపోయారు. టిక్కెట్లు ఇచ్చే కుర్రవాడు, "దిగరా మామ్మగారూ?" అని అడిగాడు.

"దిగి ఎవరింటికి వెళ్ళను బాబూ? ఏరు దాటదామని వచ్చాను" అన్నది.

"ఆటోలో మీ ఊళ్ళోకి వెళ్ళి వద్దామా, బామ్మా?" అన్నది అమ్మాయి.

"ఎందుకే? ఇక్కడిదాకా వస్తే వచ్చినట్టే. అప్పట్లో పడవ ఈ ఒడ్డుకు తగలగానే నేను కోడల్ని కాదు, కూతుర్ని అయిపోయేదాన్ని."

అని ఒడ్డుకు దిగి, వంగలేక, మనవరాలి చేత దోసెడు నీళ్ళు తెప్పించుకుని నెత్తిన చల్లుకున్నది. పంటు నిండేవరకు అక్కడే నిలబడ్డాం. అమ్మాయి బామ్మ చెయ్యి వదలలేదు. మా ఆవిడ ఇద్దరినీ చూస్తూ, ఎండ ఎక్కువగా ఉన్నదని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నది. ఎండ అంతగా లేదు.

తిరిగి ఊళ్ళోకి వచ్చాక లేసు కొన్నాం. నరసాపురం వెళ్ళినవారు లేసు కొనకుండా రావడం మా ఇంటి ఆడవాళ్ళ చరిత్రలో లేదు. స్కాట్లండునుంచి వచ్చిన మిషనరీలు పందొమ్మిదో శతాబ్దంలో నేర్పిన విద్య అది. చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు వంటపని ముగించుకుని అరుగుమీద కూర్చుని చిన్న కొక్కెపు సూదితో అల్లుతారు. అది దేశాలు దాటి పోతుంది. మారియా మీస్ అనే జర్మను పండితురాలు 1982లో వీరిమీద ఒక పుస్తకమే అచ్చువేసింది. ఇంటిదగ్గర తీరికవేళ చేసే పనేనన్న నెపంతో వీరి కూలి ఎంత తక్కువగా ఉంచారో అందులో చూపించింది. మా ఆవిడ బల్లగుడ్డ ఒకటి చేతిలోకి తీసుకుని బేరం మొదలుపెట్టింది. దుకాణంలో ఉన్న పెద్దావిడ ధర మాట ఎత్తకుండా, అది అల్లడానికి తనకు ఎన్నాళ్ళు పట్టిందో చెప్పింది. మా ఆవిడ అడిగిన డబ్బు ఇచ్చేసింది. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆమె బేరం మానుకోవడం నేను చూడటం అదే మొదలు. ఆ గుడ్డ ఇప్పుడు పుణెలో ఉన్నది.

వెళ్ళదలచినవారికి ఒకటే చెబుతాను. బళ్ళ వేళలు ముందురోజు కనుక్కోండి, మారుతూ ఉంటాయి. తిండి ఇంటినుంచే పట్టుకెళ్ళండి, హోటలు వెతుకుతూ గంట పోగొట్టుకోవద్దు. హైదరాబాదు వారికి రాత్రి బండి ఉన్నది. తెల్లవారాక దిగి, పగలంతా ఉండి మళ్ళీ రాత్రికి ఎక్కవచ్చు. అంతర్వేది కూడా చూసేద్దామని, పాలకొల్లులో దర్శనం కూడా చేసుకుందామని ఆ ఒక్క పగటిలో కూరకండి. వాటికి ఇంకో ఆదివారం ఉన్నది.

సాయంత్రం మేము స్టేషను చేరేసరికి పెట్టెలు సగం ఖాళీగా ఉన్నాయి. అమ్మకు కిటికీ పక్క చోటు దొరికింది. పాలకొల్లు రాకముందే మనవరాలి భుజంమీద తల వాల్చి నిద్రపోయింది.