చిరునామాలు అచ్చయ్యే గది

తెనాలిలో ఒక మేడ మీద రెండు గదులు. మొదటి గదిలో పాత సంచికల కట్టలు. రెండో దాంట్లో ఒక కంప్యూటరు, లేజర్ ప్రింటరు, కిటికీ పక్కన పొడవాటి బల్ల. ఒక చిన్న సాహిత్య మాసపత్రిక ఇక్కణ్ణుంచే చందాదారులకు బయల్దేరుతుంది. సంపాదకులు రిటైరైన లెక్కల మాస్టారు. పత్రిక చదువుతూనే ఉన్నాను గనక దాని సంగతి నాకు తెలుసు. నేను చూడాలనుకున్నది కవరు మీద అంటించే లేబుల్ ఎలా తయారవుతుందో. అంత పొందికగా, ఒక్క ఒత్తు కూడా చెదరకుండా తెలుగులో అచ్చయిన చిరునామా నాకు మరెక్కణ్ణుంచీ రాదు.

"ఇదివరకు పేజ్‌మేకర్‌లో చేసేవాళ్లమండీ," అన్నారు మాస్టారు. "అను ఫాంట్లలో కొట్టేవాళ్లం. తెర మీద తెలుగే కనబడుతుంది, లోపల మాత్రం ఉన్నది తెలుగు కాదు. ఆ జాబితాని ఇంకో కంప్యూటర్లోకి తీసుకెళ్తే అంతా గజిబిజి. అకారాదిగా పేర్చుకుందామంటే కుదరదు. మధ్యలో ఒక చందాదారు మానేస్తే, కింది గళ్లన్నీ చేత్తో పైకి జరపాలి."

మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ ఎన్నో జాబితాలు ఆ స్థితిలోనే ఉన్నాయి. ఒక పత్రికకు తన పాఠకుల పేర్లకంటే పెద్ద ఆస్తి లేదు. దాన్ని ఒకే ఫాంటుకు, ఒకే సాఫ్ట్‌వేరుకు తాకట్టు పెట్టడం నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడిక్కడ చిరునామాలన్నీ యూనికోడ్‌లో, ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో ఉన్నాయి. ఒకదానికీ మరొకదానికీ మధ్య ఒక ఖాళీ వరుస, అంతే. అక్షరాల సైజు, గళ్లు, అంచులు అందులో లేవు. అవి వేరే చిన్న ఫైల్లో ఉంటాయి. ఆ రెండో ఫైలు, అచ్చుకు పేజీలు కూర్చే లేటెక్ అనే సాఫ్ట్‌వేరుది. సెబాస్టియన్ రాట్జ్ తదితరులు రాసిన ‘లేబుల్స్’ అనే ప్యాకేజీని అది పిలుస్తుంది. నిలువు వరుసలెన్ని, అడ్డ వరుసలెన్ని, అంచులెంత అని చెబితే చాలు, చిరునామాలను తనే గళ్లలోకి సర్దుతుంది.

లేటెక్‌కు అడుగున ఉన్నది టెక్. తన పుస్తకం కొత్త కూర్పు ప్రూఫులు చూసి అచ్చు నచ్చక కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ 1977లో మొదలుపెట్టిన పని అది. పాయింటులో 65,536వ వంతు దాకా లెక్కపెట్టే యంత్రాంగం. దాంతో తెలుగు అచ్చు వేయాలన్న ఆరాటం కూడా పాతదే. తెలుగుటెక్ కోసం మెటాఫాంట్‌లో మన అక్షరాలను గీసినవాళ్లున్నారు. 2004లో జొనాథన్ క్యూ జీటెక్ తెచ్చాక, కంప్యూటర్లో ఉన్న యూనికోడ్ ఫాంటును నేరుగా వాడుకునే దారి తెరుచుకుంది. మాస్టారు జీటెక్ మీదే నడుపుతున్నారు.

లెక్కల మాస్టారు కదా, కొలతలు వివరించేటప్పుడు ఆయన గొంతే మారిపోయింది. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు. షీటుకు 21 లేబుళ్లు, ఒక్కోటి 63.5 వెడల్పు, 38.1 ఎత్తు. ఏడు వరుసలకు 266.7 పోగా మిగిలిన 30.3లో పైన సగం, కింద సగం. లేబుల్ లోపల పైనా కిందా మూడేసి మిల్లీమీటర్లు వదిలితే రాతకు మిగిలేది 32.1.

"ఇంగ్లీషుకి పది పాయింట్ల అక్షరం, పన్నెండు పాయింట్ల వరుస చాలు. తెలుగులో అలా పెడితే పై వరుసలో ‘రాష్ట్రం’ ఒత్తులు కింది వరుసలో గుడిని తాకుతాయి. పదికి పదిహేను ఇవ్వాలి. అప్పుడు ఆరు వరుసలు పడతాయి."

పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు, మండలం, జిల్లాతో పిన్ కోడ్: సరిగ్గా ఆరు. ‘వయా’ ఉన్న పల్లెటూరి చిరునామాకు ఏడోది కావాలి. అలాంటప్పుడు టెక్ ముందుగా ఎత్తు కొలిచి, ఆ ఒక్క లేబుల్‌నే తొమ్మిది పాయింట్లకు, పదమూడు పాయింట్ల వరుసకు దించేలా మాస్టారు రాసుకున్నారు. చిరునామాలో ఏ ముక్కా కత్తిరించరు. దూరపు పల్లెలో ఉన్న పాఠకుడికి చిరునామా పొడుగ్గానే ఉంటుంది, ఆ పొడుగుకు చోటివ్వడమే సరైన పని.

ప్రింటింగు చూసుకునేది ఆయన మేనకోడలు, డిగ్రీ చదువుతోంది. "మావయ్యా, మళ్లీ ఒకాయన డోర్ నంబరు ముందు హాష్ పెట్టి పంపారు," అంది. హాష్, అండ్ గుర్తులకు టెక్‌లో ప్రత్యేక అర్థాలున్నాయి. వాటి ముందు బ్యాక్‌స్లాష్ పెట్టకపోతే పని ఆగుతుంది. శాతం గుర్తు మరీ ప్రమాదం. ఆ వరుసలో దాని తర్వాత ఉన్నదంతా ఏ హెచ్చరికా లేకుండా మాయమైపోతుంది. అందుకే కొత్త పేరు చేరినప్పుడల్లా ఆ అమ్మాయి ఈ గుర్తుల కోసం ఫైలంతా వెతుకుతుంది.

తర్వాత ముందుగా ఒక తెల్లకాగితం మీద ప్రింటు తీసింది. దాన్ని లేబుల్ షీటు మీద పెట్టి కిటికీ వెలుతురుకు పట్టుకుని చూసింది. ప్రింటు పెట్టెలో ‘ఫిట్ టు పేజ్’ ఉండకూడదు, నూటికి నూరు శాతమే ఉండాలి. మూడు శాతం కుదించి పేజీ మధ్యకు సర్దినా, చివరి వరుస మూడు మిల్లీమీటర్లు దాటి పైకి జరుగుతుంది. ఇక సగం వాడిన షీటును లేజర్ ప్రింటర్లో మళ్లీ పెట్టరు. లోపలి వేడికి అంచు లేచిన లేబుల్ రోలర్‌కు అంటుకుంటే రిపేరు ఖర్చు తప్పదు. ఆఖరి షీటులో మిగిలే గళ్లను పత్రిక సొంత చిరునామాతో నింపుతారు. ఉత్తరం రాసే రచయితలకు వాటిని పంపిస్తారట. అది నాకెంతో నచ్చింది.

లేబుళ్లు పిన్ కోడ్ వరుసలోనే వస్తాయి. 1972 ఆగస్టు 15న మొదలైన ఆ ఆరంకెల్లో మొదటి మూడూ ఉత్తరాలు విడదీసే జిల్లాను చెబుతాయి. ముందు 50తో తెలంగాణ, తర్వాత 51 నుంచి 53 దాకా ఆంధ్రప్రదేశ్. బల్ల మీద కట్టలు ఆ వరుసలోనే పేర్చుకుంటూ పోతారు, పోస్టాఫీసులో మళ్లీ విడదీసే పని తగ్గుతుంది.

ఆ వరుస చివర్లో 635109 వచ్చింది. హోసూరు. తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న ఊరు, తమిళనాడులో ఉంది. ఆ లేబుళ్లలో వీధి, ఊరు ఇంగ్లీషులో ఉన్నాయి. పై వరుసలో పేరు మాత్రం తెలుగులో, దాని కిందే మళ్లీ ఇంగ్లీషులో. పోస్ట్‌మ్యాన్‌కు ఇంగ్లీషు చాలు కదా, పేరు రెండుసార్లు దేనికని అడిగాను.

"పత్రిక వాళ్లకి తెలుగులో వస్తోందండీ," అన్నారు మాస్టారు. "పేరు కూడా తెలుగులోనే రావాలి. దానికొక వరుస పోతే పోనీండి, అక్షరం తగ్గించుకుంటాం."