సైలెంట్ బాబ్ ముచ్చట్లు, మా చెల్లి అడిగిన ప్రశ్న



ఈసారి పోస్టు కొంచెం పెద్దది. మెస్ లైన్‌లో నిలబడి చదివేది కాదు, రాత్రి పడుకునే ముందు చదవండి. విషయం ఏందంటే, నవ్వు. పోయిన నెల మా హాస్టల్ గదిలో మొదలైన ఒక చిన్న వాదన ఇది. ఒక సినిమా డైరెక్టర్ స్టేజీ మీద నిలబడి, జనం అడిగే ప్రశ్నలకు గంటల తరబడి జవాబులు చెప్తుంటే, దాన్ని కామెడీ లెక్క కూర్చుని చూడొచ్చా? అంత సరుకు ఉంటదా అందులో?

వాదించుకున్నది ఐదుగురం. ఇద్దరం ఉట్నూరు వైపు గోండులం, ఇద్దరం భద్రాచలం వైపు కోయలం, ఒకరం తిర్యాణి కోలాం. ఐదుగురం ఐదు రకాలుగా మాట్లాడినం. చివరికి ఒక మాట దగ్గర ఆగినం. కానీ ఆ మాట మా ఐదుగురిలో ఎవరిదీ కాదు. అది మా జూనియర్ చెల్లి చెప్పింది. ఆ సంగతి చివర్లో.

మొదలు ఆ డైరెక్టర్ ఎవరో చెప్పాలి. పేరు కెవిన్ స్మిత్. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం. లియోనార్డో అనే ఊళ్లో ఒక దుకాణంలో కౌంటర్ దగ్గర పనిచేసేవాడు. పాలు, సిగరెట్లు, పేపర్లు అమ్మే దుకాణం. ఫిల్మ్ స్కూల్లో చేరి నాలుగైదు నెలలకే మానేశాడు. ఎన్నో ఏళ్లుగా కూడబెట్టుకున్న కామిక్ పుస్తకాలు అమ్మి, క్రెడిట్ కార్డులన్నీ గీకి, సుమారు 27,575 డాలర్లతో 'క్లర్క్స్' అనే సినిమా తీశాడు. పగలంతా అదే దుకాణంలో నౌకరీ, రాత్రి అదే దుకాణంలో షూటింగ్. కథేమో పగటి పూట జరగాలి, తీసేదేమో రాత్రి. బయట చీకటి కనపడకుండా ఎట్లా? షట్టర్ తాళంలో ఎవరో చూయింగ్ గమ్ కుక్కిండ్రు, అందుకే షట్టర్ లేస్తలేదు అని కథలోనే ఒక సాకు పెట్టేశాడు. పైసలు లేని మనిషి తెలివి అది. 1994లో ఆ సినిమా సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఆడింది, కొనేవాళ్లు దొరికిండ్రు, ఆయన బతుకు మారింది.

ఆ సినిమాలో సైలెంట్ బాబ్ అనే పాత్ర ఆయనే వేశాడు. దాదాపు నోరు విప్పని పాత్ర. తర్వాత చాలా సినిమాల్లో అదే పాత్ర, అదే మౌనం. బయట మాత్రం మైకు చేతికిస్తే ఆపేవాడు లేడు. అమెరికాలో కాలేజీలకు పోయి, నడవాలో మైకు పెట్టించి, పిల్లలు ఏదడిగితే దానికి జవాబు చెప్పేవాడు. ఆ రాత్రుల్ని రికార్డు చేసి 2002లో 'యాన్ ఈవినింగ్ విత్ కెవిన్ స్మిత్' అని వదిలిండ్రు. నిడివి మూడున్నర గంటల పైనే. 2006లో రెండోది వచ్చింది, టొరంటోలో, లండన్‌లో తీసింది. 2008లో మూడోది. అది తన ప్రాంతంలోనే, రెడ్ బ్యాంక్ అనే ఊళ్లో, తన 37వ పుట్టినరోజు నాడు పెట్టుకున్న ప్రోగ్రాం.

మాలో మాస్ కమ్యూనికేషన్ చదివేటాయన దీన్ని ల్యాప్‌టాప్‌లో తెచ్చి పెట్టాడు. మొదటి పావుగంట మాకు ఎక్కలేదు. ఇంగ్లిష్ స్పీడు ఎక్కువ, సబ్‌టైటిల్స్ చదివేలోపే హాలు నవ్వి అయిపోతుంది. ఆయన సినిమాలు చూడనోళ్లకు సగం జోకులు పైనుంచి పోతాయి. బూతులు కూడా గట్టిగానే ఉంటాయి. ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నల ముందు పెట్టుకునేది అస్సలు కాదు, ముందే చెప్తున్నం. మా కోలాం తమ్ముడైతే దుప్పటి కప్పుకుని, "ఇది కామెడీ ఏంది అన్నా, మీటింగు లెక్కుంది" అన్నాడు.

అప్పుడు సూపర్‌మ్యాన్ కథ వచ్చింది. తమ్ముడు దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు.

కథ ఏందంటే, 1990ల మధ్యలో కెవిన్ స్మిత్‌ను సూపర్‌మ్యాన్ సినిమా రాయమని పిలిచిండ్రు. నిర్మాత పేరు జాన్ పీటర్స్. ఆయన మూడు షరతులు పెట్టాడట. ఒకటి, సూపర్‌మ్యాన్ ఆ డ్రెస్సు వేసుకోవద్దు. రెండు, ఎగరొద్దు. మూడు, చివర్లో ఒక పెద్ద సాలీడుతో కొట్లాడాలి. చూడండి, ఎగరని సూపర్‌మ్యాన్! కెవిన్ స్మిత్ దీన్ని అట్లా ఒక్క ముక్కలో చెప్పి వదలడు. నిర్మాత ఇంటికి ఎట్లా పోయిందీ, రాసిన స్క్రిప్టును ఎట్లా పైకి చదివి వినిపించాల్సి వచ్చిందీ, ఆయన ఎట్లా విన్నదీ, అన్నీ గొంతులు మార్చి చెప్తాడు. చివరికి ఆ సినిమా ఆగిపోయింది. కొన్నాళ్లకు, 1999లో, అదే జాన్ పీటర్స్ నిర్మాతల్లో ఒకడిగా ఉన్న 'వైల్డ్ వైల్డ్ వెస్ట్' వచ్చింది. అది చూడ్డానికి పోయి కూర్చుంటే తెర మీదికి ఒక పెద్ద ఇనుప సాలీడు వచ్చింది! ఇక్కడ మా గది గది మొత్తం పడీ పడీ నవ్వింది. పక్క గదోళ్లు తలుపు కొట్టిండ్రు.

దీనికి ఇంకో తోక కూడా ఉంది. ఆగిపోయిన ఆ సినిమాలో సూపర్‌మ్యాన్‌గా నికోలస్ కేజ్‌ను అనుకున్నారు. 2023లో వచ్చిన 'ది ఫ్లాష్' సినిమాలో ఒక్క నిమిషం నికోలస్ కేజ్ సూపర్‌మ్యాన్‌గా కనపడతాడు. ఏం చేస్తుంటాడో చెప్పండి? పెద్ద సాలీడుతో కొట్లాడుతుంటాడు. ఒక కాలేజీ హాల్లో ఎవరో పిల్లగాడు అడిగిన ప్రశ్నకు చెప్పిన ముచ్చట, ఇరవై ఏండ్ల తర్వాత కూడా బతికే ఉంది.

ఆ రాత్రి నుంచి మాకు దారి దొరికింది. మూడున్నర గంటలు ఒక్కసారి చూడొద్దు. ఒక రాత్రికి ఒక ప్రశ్న, ఒక జవాబు, అంతే. ప్రిన్స్ అనే పెద్ద పాటగాడు మిన్నెసోటాలో తన స్టూడియోకు పిలిచి వారం రోజులు డాక్యుమెంటరీ తీయించుకుని, దాన్ని బయటకు వదలకుండా లోపలే దాచిపెట్టుకున్న ముచ్చట ఇంకో రాత్రి చూసినం. అదీ బాగుంది.

ఇగ వాదన. ఎందుకు నవ్వొస్తుంది దీంట్లో? స్టాండప్ కమెడియన్ ముందే రాసుకుని వస్తాడు. ఈయనకు ప్రశ్న ఎటు నుంచి వస్తదో తెలియదు. తెలియకపోవడమే చూసేవాడికి మజా. మా గోండు దోస్తు ఒక మాట అన్నాడు. "మన దగ్గర కథ చెప్పేటోడికి ఊ కొట్టేటోడు ఉండాలె. ఊ కొట్టేటోడు లేకపోతే కథ నడవదు. ఆ మైకు దగ్గర నిలబడ్డ పిల్లగాడే ఊ కొట్టేటోడు." నిజమే. నెగడు చుట్టూ కూర్చుని తాత ఏదో చెప్తుంటే, మధ్యలో ఎవడో "అప్పుడు ఎలుగ్గొడ్డు ఏం చేసింది తాతా?" అని అడుగుతాడు. తాత దారి మార్చి ఇంకో కథలోకి పోతాడు. మొదటి కథ ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. అయినా తెల్లారేదాక కూర్చుంటం.

ఇంకోటి. ఆయన చెప్పే కథల్లో తెలివితక్కువోడు ఎక్కువసార్లు ఆయనే. తన లావు మీద, తన భయం మీద, ఆడని తన సినిమాల మీద తనే జోకులేస్తాడు. 2018 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో ఒక రాత్రి రెండు షోలు పెట్టుకుని, మొదటి షో అయ్యాక గుండెపోటు వచ్చింది. చావు దగ్గరిదాకా పోయి వచ్చాడు. తర్వాత దాన్ని కూడా నవ్విస్తూ చెప్పుకున్నాడు. తన మీద కాకపోతే తనకంటే పెద్దోళ్ల మీద. కోట్లు పెట్టే నిర్మాత మీద, మహారాజు లెక్క బతికిన పాటగాడి మీద.

కానీ ఒక్కోసారి ప్రశ్న అడిగినోళ్లను కూడా ఆడుకుంటాడు. అది ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఎవరన్నా తడబడితే పట్టుకుంటాడు, హాలు నవ్వుతుంది. మాలో ముగ్గురం "అదీ కామెడీలో భాగమే కదా" అన్నం. ఇద్దరం ఒప్పుకోలేదు. అక్కడ మా వాదన ఆగింది. ఎందుకు ఆగిందో చెప్పాలంటే రెండేండ్ల వెనక్కి పోవాలి.

అప్పట్లో మా ఫోన్లకు ఒక ముప్పై సెకన్ల వీడియో వచ్చింది. ఒక కాలేజీలో సినిమా వేసిండ్రు, తర్వాత డైరెక్టర్‌తో ప్రశ్నలు జవాబులు. వీడియో వెనక నుంచి తీసింది. ఒక అమ్మాయి లేచి ఏదో అడుగుతుంది, సౌండు సరిగ లేదు. డైరెక్టర్ నవ్వుతూ, "అమ్మా, అది అడవి భాష. నీకు అర్థమైతే నాకూ కొంచెం నేర్పు" అన్నాడు. ఆ అమ్మాయి యాసలోనే ఒక మాట తిరిగి పలికాడు. హాలంతా నవ్వు, చప్పట్లు. మైకు ఇంకొకరి చేతికి పోయింది. వీడియో మీద ఎవరో నవ్వే బొమ్మలు అతికించిండ్రు.

మేము నవ్వినం. దాచుకోవాల్సిన అవసరం లేదు. రాంగోపాల్ వర్మ ఇంటర్వ్యూ ముక్కలు చూసి నవ్వుకున్నట్టే, ఇది కూడా ఒక ముక్క అనుకుని నవ్వినం. మాలో ఒకరం ఇంకో ఇద్దరికి పంపినం కూడా.

రెండు రోజులకు తెలిసింది, ఆ అమ్మాయి మన పిల్లే అని. భద్రాచలం వైపు కోయ పిల్ల, మా జూనియర్. ఆమె అడిగింది ఏందో అప్పుడు తెలిసింది. ఆ సినిమాలో గూడెం మనుషులు ఏదో వింత శబ్దాలు చేస్తూ మాట్లాడతారు. "సార్, మీ సినిమాలో మా వాళ్లు మాట్లాడేది ఏ భాష? కోయ కాదు, గోండి కాదు, తెలుగు కాదు. ఎవరిని అడిగి రాసిండ్రు?" ఇదే ఆమె ప్రశ్న. నోట్‌బుక్‌లో రాసుకుని పోయి అడిగింది. ఆ తర్వాత ఏడాది దాక ఆ చెల్లి క్లాసులో కూడా చెయ్యెత్తలేదు.

పోయిన నెల మా వాదన తెగకపోతే, ఆమెనే అడుగుదాం అనుకున్నం. ఆదివారం లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ల్యాప్‌టాప్‌లో సూపర్‌మ్యాన్ కథ చూపించినం. సాలీడు వచ్చినప్పుడు ఆమె మాకంటే ఎక్కువ నవ్వింది, కండ్ల నీళ్లు తుడుచుకుంది. తర్వాత ప్రశ్న అడిగినోళ్లను ఆయన ఆడుకునే ముక్కలు కూడా పెట్టినం. వాటిని నవ్వకుండా, శ్రద్ధగా చూసింది. ఒక దగ్గర ఆపమంది.

"ఇక్కడ చూడు అన్నా. ఈ పిల్లగాని చేతిలోంచి మైకు గుంజుకోలే. ఆయన ఒకటన్నడు, ఈయన తిరిగి ఒకటన్నడు. దానికీ నవ్విండ్రు. మనకాడ బావ వరసైనోడు ఏదన్నా అంటే మనమూ అంటం గదా? అందుకే కోపం రాదు. వరస లేనోడు అని పోతే అది సరసం ఎట్లయితది?"

మేమెవ్వరం మాట్లాడలేదు. దండారికి పక్క ఊరు పోయినప్పుడు ఆడవేషం కట్టినోళ్లు చేసే అల్లరి, పెండ్లిలో వియ్యంకుల మీద పాడే పాటలు, అన్నీ గుర్తొచ్చినయి. ఎంత మాటైనా అంటారు. కానీ అవతలివాళ్ల వంతు కూడా వస్తుంది. వంతు రాని చోట ఆ మాటలు ఎవరూ అనరు.

అందుకని మా జవాబు ఇది. చూడొచ్చా అంటే చూడొచ్చు. కెవిన్ స్మిత్ రాత్రులు మంచి కామెడీ, ముఖ్యంగా మొదటిది. ముక్కలు ముక్కలుగా, బూతులకు సిద్ధపడి చూడండి. తనను తాను తీసుకుని నవ్వించిన చోట, పెద్దోన్ని కిందికి దించి నవ్వించిన చోట హాయిగా నవ్వండి. అడిగినోడి మీద నవ్వు పడినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆపి చూడండి, మైకు ఇంకా ఆ మనిషి చేతిలోనే ఉందా లేదా అని. మన తెలుగు డైరెక్టర్ల వీడియోలకైనా, మన కాలేజీ ఫంక్షన్లకైనా ఇదే లెక్క. ఫార్వర్డ్ చేసే ముందు ప్రశ్న ఏందో వినండి. మేము వినకుండా పంపినం కాబట్టి చెప్తున్నం.

ఇంకో సంగతి. మెట్ల మీది నుంచి లేచేటప్పుడు ఆ చెల్లిని సారీ అడిగినం. ఆ వీడియో మేము కూడా పంపినం అని చెప్పినం. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఉందా ఇంకా మీ దగ్గర? పెట్టండి" అంది. వెతికి పెట్టినం. రెండుసార్లు చూసింది, నవ్వే బొమ్మలతో సహా.

"నవ్విండ్రు, అంతే," అంది ఫోను తిరిగిస్తూ. "ఏ భాషో ఇంకా చెప్పలే."