కామెర్లు అనే ఒక్క మాట

ఒక మాట వెనుక ఎన్ని వస్తువులున్నవో విచారించుకొనడం అనువాదకునికి నిత్యకృత్యం. తెలుగువారు పచ్చకామెర్లంటారు; హిందీవారు పీలియా అంటారు. రెండు పేర్లలోను పైకి కనిపించేది పసుపు రంగే. కంటికి తోచిన రంగుకు పేరు పెట్టి, రోగమే చేజిక్కినదని తృప్తి పడడం లోకస్వభావం. ఆ తృప్తి ఎంత చేటు తేగలదో నాకు అండమాను దీవులలో తెలిసివచ్చింది.

2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్టు బ్లెయరులో బెంగాలీ, తమిళ, తెలుగు, మలయాళ కుటుంబాలు పక్కపక్కనే కాపురముంటవి. వీధిలోకి వస్తే అందరిదీ హిందీయే. కాలేయ రోగాలను గురించిన ఒక హిందీ కరపత్రాన్ని అక్కడి తెలుగు జాలరుల కోసం తెనిగించే పని నాకు వచ్చింది. పీలియా అన్న చోటనల్లా కామెర్లు అని వ్రాస్తే పని ముగిసేదే. కాని ఆ ఒక్క మాటను విడదీయడానికే ఆ దీవులలో కొందరు వైద్యులు ఏళ్లకేళ్లు వెచ్చించినారు.

భారతీయ వైద్య పరిశోధన మండలి 1983లో పోర్టు బ్లెయరులో ఒక కేంద్రాన్ని నెలకొల్పింది. 1988 మొదలు ఉత్తరాండమానులోని దిగ్లిపూరు ప్రాంతంలో వానకాలం గడవగానే జ్వరాలు చెలరేగేవి. దగ్గితే నెత్తురు పడేది. జనులు దానిని అండమాను రక్తస్రావ జ్వరమన్నారు. అది లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి పని అని డాక్టర్ ఎస్. సి. సెహగల్, ఆయన సహచరులు 1990ల తొలి సంవత్సరాలలో నిర్ధారించినారు. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీటి వల్ల సోకే ఆ రోగం ముదిరితే కళ్లు పచ్చబడతవి. అది కామెర్లలో ఒక తెగ.

కళ్లు పచ్చబడని కామెర్లు అంతకంటె చిక్కైనవి. అదే కేంద్రంలో పనిచేసిన డాక్టర్ మనోజ్ ముర్హేకర్ దీవులలోని ఆదిమ తెగల రక్తాన్ని పరీక్షించి చూచినారు. నికోబారీలలో నూటికి 20 మందికి పైగా, జారవాలలో పరీక్షించినవారిలో సగానికి పైగా, హెపటైటిస్ బి వైరస్‌ను మోస్తున్నారని తేలింది. ఈ వైరస్ జాడను 1960లలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కనుగొన్న బ్లంబర్గ్ కాలేయ రోగాన్ని వెదకుతూ బయలుదేరినవాడు కాడు. జనుల రక్తంలోని వంశపారంపర్య భేదాలను చూడబోయి దీనిని చూచినాడు. 1976లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది.

ఈ వైరస్ పెద్దవారికి సోకితే నూటికి 95 మందికి పైగా దానిని వదిలించుకొంటారు. పుట్టుకతో తల్లి నుండి సోకిన శిశువులలో నూటికి 90 మందికి అది జీవితాంతం నిలిచిపోతుంది. ముప్పది, నలుబది ఏండ్లకు కాలేయం గట్టిపడవచ్చును, దానికి క్యాన్సర్ రావచ్చును. పుట్టిన 24 గంటలలో టీకా వేస్తే ఆ దారి చాలవరకు మూసుకొంటుంది.

నా కరపత్రం చదివి వినిపించిన రోజున ఒక వృద్ధురాలు, శ్రీకాకుళం వైపు మనిషి, అడ్డు తగిలింది. ఆమె కోడలు నిండు గర్భిణి. రక్తంలో వైరస్ ఉన్నదని చెప్పినారట. “ఏటి బాబూ, పిల్లకి కళ్లు పచ్చబడనేదు, ఒళ్లు పచ్చబడనేదు. మరి కామెర్లేటి?” అన్నది. ఆమె ప్రశ్నలో తప్పు లేదు. తప్పు మాటలో ఉన్నది. “రంగు చూపించనిదే ఇందులో మోసం, అమ్మా. కోడలికి ఇప్పుడు బాధ లేదు గాని, బిడ్డకు మొదటి రోజే సూది పడాలి” అన్నాను. కరపత్రంలో కూడ కామెర్లన్న మాటను కొన్నిచోట్ల తీసివేసి, “కామెర్లు కనబడకపోయినా ఉండగల కాలేయ రోగం” అని వ్రాసినాను. పొడుగైతే అయినది. మనుమరాలికి మొదటి రోజే సూది వేయించినదని తరువాత విన్నాను.

2000 ప్రాంతంలో కార్ నికోబారులో టీకా పని మొదలైనది. 2004 డిసెంబరు 26న సముద్రం ఆ దీవిని ముంచి ఊళ్లను చెదరగొట్టింది. అయినను పదేండ్ల తరువాత పరిశోధకులు తిరిగి వెళ్లి, టీకా పొందినవారిలో రక్షణ నిలిచినదా అని రక్తం చూచినారు. 2011 నాటికి ఈ టీకా దేశమంతటి శిశువులకు విస్తరించింది. ముర్హేకర్ తరువాత చెన్నైలోని జాతీయ సాంక్రమిక రోగశాస్త్ర సంస్థకు సంచాలకులైనారు. 2020లో కోవిడ్ దేశంలో ఎంతమందికి సోకిపోయినదో రక్తపరీక్షలతో లెక్కించిన సర్వేకు పూనుకొన్నారు. అక్కడను పని అదే: నాకేమీ లేదన్నవాని ఇంటికి వెళ్లి, నచ్చజెప్పి, కొంచెం నెత్తురు అడిగి తీసుకొనడం.